పేరు లేని చీటీలు: ఖాళీ స్ట్రింగ్‌ని, స్పేసులే ఉన్న స్ట్రింగ్‌ని ఎలా పట్టుకోవాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని నా మాటల్లో చెబుతాను. పలాసలో మీ బాబాయి ఉద్దానం రైతుల దగ్గర జీడిపిక్కలు కొంటారు. ఆయన కోసం నువ్వు పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశావు. గుమస్తా ఫోన్‌లో రైతు పేరు, ఊరు, బస్తాలు, పాత బాకీ కొడితే చీటీ ప్రింట్ అవుతుంది. పేరు ఖాళీగా వదిలేస్తే ఒప్పుకోకూడదని, పేరు ఖాళీ కోట్స్‌తో సమానమా అని చూసే చెక్ ఒకటి పెట్టావు. అయినా ఈ సీజన్లో పేరు లేని చీటీలు వచ్చాయి. "ఇవి ఎవుల బస్తాలు?" అని బాబాయి అడిగితే చెప్పలేకపోయావు. పొడవు చూస్తే కొన్నిటికి 1, కొన్నిటికి 2 వస్తోంది, ఖాళీకి పొడవెలా వస్తుంది అన్నావు.

వెంటనే పని జరగాలంటే సమాధానం ఒక్క వాక్యం. సమానమా అని చూడటం మానేసి "ఇఫ్ నాట్ పేరు ఆర్ నాట్ పేరు.స్ట్రిప్()" అని పెట్టు. స్ట్రిప్ అంటే రెండు చివర్లా ఉన్న స్పేసుల్ని తీసేసే ఫంక్షన్. పేరు అసలు రాకపోయినా, ఖాళీగా వచ్చినా, స్పేసులు, ట్యాబులు, కొత్త లైన్లు మాత్రమే వచ్చినా ఇది పట్టుకుంటుంది. పొడవు 1 వచ్చిన చీటీలు దాదాపు అన్నీ దీనితో ఆగిపోతాయి. పొడవు 2 వచ్చినవాటి మీద నాకు వేరే అనుమానం ఉంది, దానికి తర్వాత వస్తాను. ఎందుకంటే అది తెలుగులో టైప్ చేసేవాళ్లకి ఎక్కువగా ఎదురయ్యే సమస్య, ఇంగ్లీషు పాఠాల్లో ఎక్కడా సరిగ్గా చెప్పరు.

ముందు ఆ స్పేస్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. గుమస్తా కావాలని కొట్టలేదు. ఫోన్ కీబోర్డ్ పైన సూచించిన పదం మీద వేలు పెడితే, పదం వెనకాల కీబోర్డే ఒక స్పేస్ పెట్టేస్తుంది. తప్పు పేరు పడిందని ఆ అక్షరాలు చెరిపేటప్పుడు ఆ స్పేసో, ఇంకోటో మిగిలిపోతుంది. కంటికి గడి ఖాళీయే. వెబ్ పేజీలో ఆ గడికి "రిక్వైర్డ్" అని పెట్టి ధైర్యంగా ఉన్నానన్నావు కదా, బ్రౌజర్ ఆ మాటకి చూసేది గడిలో ఏదైనా ఉందా లేదా అనే. ఒక్క స్పేస్ ఉన్నా "ఉంది" అనుకుని వదిలేస్తుంది. కాబట్టి ఆ చెక్‌ని గుమస్తాకి ఒక గుర్తులా వాడుకో, దాని మీద లెక్కలు నిలబెట్టకు. అసలు చెక్ సర్వర్ దగ్గర, పైథాన్‌లో ఉండాలి.

ఇక్కడ మూడు వేర్వేరు పరిస్థితులున్నాయి. ఒకటి, విలువే రాకపోవడం. పైథాన్‌లో దాన్ని నన్ అంటాం, మిగతా చోట్ల నల్ అంటారు. ఫారంలో ఆ గడే పంపకపోతే నీకు దొరికేది ఇదే. దాని మీద స్ట్రిప్ పిలిస్తే ప్రోగ్రాం ఎర్రర్ చూపించి ఆగిపోతుంది, అందుకే నా వాక్యంలో ముందు "నాట్ పేరు" పెట్టాను. రెండోది ఖాళీ స్ట్రింగ్ (స్ట్రింగ్ అంటే అక్షరాల వరస), పొడవు 0. మూడోది బయటికి ఖాళీలా కనిపిస్తూ లోపల స్పేసులున్నది. జీడిపిక్కల వ్యాపారం చూసినవాడివి, నీకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. బస్తా బరువు చూసి ఎవరూ ధర కట్టరు. గుప్పెడు పిక్కలు తీసి, కోసి, పప్పు ఎంతుందో, తాలు ఎంతుందో చూస్తారు. స్ట్రింగ్ పొడవు బస్తా బరువులాంటిది. లోపల పప్పుందో లేదో అది చెప్పదు.

ఈజ్‌స్పేస్ అనే ఫంక్షన్ కూడా ఉంది, అది వాడొచ్చా అని నువ్వు అడిగావు. వాడొచ్చు, కానీ ఒంటరిగా కాదు. ఖాళీ స్ట్రింగ్ మీద ఈజ్‌స్పేస్ పిలిస్తే ఫాల్స్ వస్తుంది, ఎందుకంటే కనీసం ఒక్క అక్షరమైనా ఉండి, అవన్నీ స్పేసులైతేనే అది ట్రూ చెబుతుంది. అందుకని "నాట్ పేరు ఆర్ పేరు.ఈజ్‌స్పేస్()" అని జంటగా రాయాలి. స్ట్రిప్ కొత్త స్ట్రింగ్ తయారుచేస్తుంది కాబట్టి నెమ్మది అని కొందరు వాదిస్తారు. ఇరవై అక్షరాల పేరుకి ఆ తేడా పట్టించుకోవాల్సిన పని లేదు. స్ట్రిప్ చేసిన విలువే డేటాబేసులో పెట్టాలి కాబట్టి నేనైతే దాన్నే వాడతాను.

ఇప్పుడు పొడవు 2 సంగతి. ముందు కంటితో చూడటం మానెయ్. ఆ చీటీల్లో ఒకదాని పేరు తీసుకుని అందులోని ప్రతి అక్షరానికి "ఆర్డ్" ఫంక్షన్‌తో యూనికోడ్ నంబరు (అన్ని భాషల అక్షరాలకీ ఇచ్చిన నంబరు) ప్రింట్ చేయించు. 32 వస్తే మామూలు స్పేస్, 9 వస్తే ట్యాబ్, 10 వస్తే కొత్త లైను. 160 వస్తే నాన్ బ్రేకింగ్ స్పేస్. వెబ్ పేజీ నుంచో ఎక్సెల్ నుంచో కాపీ చేసి అతికించినప్పుడు ఇది వస్తుంటుంది. పైథాన్ స్ట్రిప్ 160ని కూడా తీసేస్తుంది, దానితో ఇబ్బంది లేదు. ఎక్సెల్‌లోని ట్రిమ్ మాత్రం 32 నంబరు స్పేసునే తీస్తుంది, 160ని ముట్టుకోదు. కాబట్టి "ఎక్సెల్‌లో శుభ్రం చేసే పంపాం" అని ఎవరు చెప్పినా, మళ్లీ నీ వైపు చెక్ చెయ్యి.

నా అనుమానం నీకు 32తో పాటు 8204 కనిపిస్తుందని. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. తెలుగులో రాజ్‌కుమార్ అని రాసేటప్పుడు జ్ కింద కు ఒత్తుగా చేరకుండా మధ్యలో ఆపేది ఇదే. అది లేకపోతే రాజ్కుమార్ అయిపోతుంది. సాఫ్ట్‌వేర్, హైస్కూల్‌లో లాంటి మాటలన్నిటిలో ఇది ఉంటుంది. తనకంటూ వెడల్పు లేదు, తెర మీద కనిపించదు. పేరు కొట్టి చెరిపేటప్పుడు అక్షరాలు పోయి ఇదొక్కటే మిగిలితే, ఎవరికీ తెలియదు.

యూనికోడ్ వైట్‌స్పేస్ అని గుర్తించినవి మొత్తం 25 అక్షరాలు. అందులో 160 ఉంది, 8204 లేదు. జీరో విడ్త్ స్పేస్ అని పేరులోనే స్పేస్ ఉన్న 8203 కూడా ఆ జాబితాలో లేదు. అందుకే పైథాన్ స్ట్రిప్, వేరే ప్రోగ్రామింగ్ భాషల్లో ఇలాంటి పనే చేసే జావాస్క్రిప్ట్ ట్రిమ్, జావా ఈజ్‌బ్లాంక్, సీ షార్ప్‌లోని ఈజ్ నల్ ఆర్ వైట్‌స్పేస్ ఏవీ వీటిని ఖాళీ అనుకోవు. అవి తప్పు చేయడం లేదు. 8204 స్పేస్ కాదు, మన అక్షరాలు ఎలా కలవాలో చెప్పే గుర్తు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, నువ్వు చేయకూడదని. చాలా ఏళ్ల కిందట విజయనగరం వైపు ఒక సంస్థకి సభ్యుల జాబితా శుభ్రం చేసి ఇచ్చాను. కంటికి కనిపించని అక్షరాలన్నీ చెత్త అనుకుని 8203, 8204, 8205 ఎక్కడున్నా తీసేశాను. ఖాళీ పేర్లు పట్టుబడ్డాయి, బాగుందనుకున్నాను. గుర్తింపు కార్డులు ప్రింట్ అయ్యాక చూస్తే, 8204 ఉన్న ప్రతి పేరూ ఒత్తులు కలిసిపోయి వేరేగా పడింది. ఒక పెద్దాయన కార్డు పట్టుకొచ్చి "ఇది నా పేరు కాదు బాబూ, నా పేరు ఇలాగ రాయరు" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, అందుకే నాకు ఇంకా బాధేసింది. పాత ఫైలు ఉంది కాబట్టి సరిచేయగలిగాను. లేకపోతే ఆ పేర్లలో 8204 ఎక్కడుండాలో ఏ ప్రోగ్రామూ చెప్పలేదు.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది. ఖాళీనా కాదా అని తేల్చడానికి ఎంత కఠినంగానైనా చూస్తాను, కానీ చూడటం వరకే. మనిషి రాసిన పదం లోపల, అక్షరాల మధ్య ఉన్న దేన్నీ ముట్టుకోను. మొదట్లో, చివర్లో ఉన్న స్పేసులు తీస్తాను. చివర మిగిలిన 8204ని కూడా తీస్తాను, అక్కడ తీస్తే రూపం మారదు, పైగా అది ఉంటే వెతికినప్పుడు రాజ్ అనే పేరు ఒకటి, చూడటానికి అచ్చం అలాగే ఉన్న ఇంకో రాజ్ వేరొకటి అయిపోతాయి. పదాల మధ్య రెండు స్పేసులుంటే ఒకటి చేస్తాను. "స్ప్లిట్ చేసి ఒక స్పేసుతో జాయిన్" అనే పైథాన్ అలవాటు ఆ పనికి చాలు. లోపలి 8204 మాత్రం అలాగే ఉండాలి.

మరి 8204 మాత్రమే ఉన్న పేరుని పట్టుకునేదెలా? కనిపించని అక్షరాల జాబితా తయారుచేసుకుంటూ పోతే అది పూర్తి కాదు. 65279 ఉంది, ఫైలు మొదట్లో చేరి వస్తుంది. బ్రెయిలీలో ఖాళీ గడికి 10240 ఉంది. అందుకని ప్రశ్నని తిరగేసి అడుగు. "ఇందులో ఉన్నవన్నీ ఖాళీలేనా" అని కాదు, "ఇందులో కనీసం ఒక్క నిజమైన అక్షరం ఉందా" అని. పైథాన్‌లో "ఎనీ(సి.ఈజ్‌ఆల్ఫా() ఫర్ సి ఇన్ పేరు)" అంటే సరిపోతుంది, నన్ కోసం ముందున్న "నాట్ పేరు" చెక్ మాత్రం అలాగే ఉంచు. తెలుగు అ నుంచి హ వరకు అన్నీ దీనికి అక్షరాలే. గుణింతపు గుర్తులు, పొల్లు ఒంటరిగా లెక్కలోకి రావు, కానీ ఏ పేరులోనైనా మూలాక్షరం ఒకటుంటుంది కదా, అది చాలు.

దీనితో ఇంకో లాభం ఉంది. గుమస్తా రద్దీలో ఒక చుక్క కొట్టి ముందుకెళ్లిపోయే అలవాటు అన్ని కౌంటర్లలోనూ చూశాను. చుక్క, గీత, సున్నా ఏవీ అక్షరాలు కావు, కాబట్టి ఆ పేరు ఒప్పుకోదు.

ఒక్క జాగ్రత్త. ఇదే పనికి కొందరు తెలుగు అక్షరాల పరిధి, అంటే 3072 నుంచి 3199 మధ్య ఉందా అని చూస్తారు. నువ్వు ఆ దారి పట్టొద్దు. మీ వైపు ఇచ్ఛాపురం, మందస, సోంపేట ప్రాంతాల్లో ఒడియా మాట్లాడే కుటుంబాలున్నాయి. ఎవరైనా తమ పేరు ఒడియా లిపిలోనే కొడితే, అది పేరు కాదని నీ ప్రోగ్రాం చెప్పకూడదు. ఈజ్‌ఆల్ఫా ఒడియా, ఇంగ్లీషు, తెలుగు మూడింటినీ సమానంగా చూస్తుంది.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాని వెతికి పట్టే సూత్రం) వాడి మొదట, చివర స్పేసులు తీయొచ్చుగా అని నీ ప్రశ్న కింద ఒకరు సలహా ఇచ్చారు. పని చేస్తుంది. కానీ 2016 జూలై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నల సైటు 34 నిమిషాలు ఆగిపోయింది, కారణం సరిగ్గా ఇలాంటి ఎక్స్‌ప్రెషనే. చివరి స్పేసులు, వాటితోపాటు మనం చెప్పుకున్న ఈ 8204 తీయడానికే దాన్ని రాశారు. ఒక పోస్టులో లైను మధ్య సుమారు 20,000 స్పేసులు వరసగా వచ్చాయి, వాటి తర్వాత మామూలు అక్షరం ఉంది. ఎక్స్‌ప్రెషన్ మొదటి స్పేసు నుంచి మొదలుపెట్టి చివరిదాకా వెళ్లి, లైను అక్కడ అయిపోలేదని తెలుసుకుని, మళ్లీ రెండో స్పేసు నుంచి మొదలుపెట్టింది. అలా 20,000, 19,999, 19,998 అనుకుంటూ కూడితే దాదాపు 20 కోట్ల పోలికలు. ఆ పోస్టు మొదటి పేజీలో కనిపించడంతో సర్వర్లు దాని మీదే పడి ఉండిపోయాయి. వాళ్లు చివరికి ఆ ఎక్స్‌ప్రెషన్ తీసేసి మామూలు ఫంక్షన్ పెట్టారు. భాషలో ఉన్న స్ట్రిప్ రెండు చివర్ల నుంచి చూసుకుంటూ వచ్చి మొదటి అక్షరం దగ్గర ఆగిపోతుంది. నువ్వు దాన్నే నమ్ముకో.

ఇప్పటిదాకా పేరు గడి గురించే మాట్లాడాను. నీ ఫారంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది బస్తాల గడి, బాకీ గడి. పేరు పోతే అడిగి రాసుకోవచ్చు. అంకె తప్పు పడితే ఎవరికీ అనుమానం రాదు.

జావాస్క్రిప్ట్‌లో (వెబ్ పేజీలో నడిచే కోడ్‌లో) నువ్వు బస్తాల విలువని నంబర్ ఫంక్షన్‌తో అంకెగా మారుస్తున్నావు. ఖాళీ స్ట్రింగ్‌ని దానికి ఇస్తే 0 వస్తుంది. నాలుగు స్పేసులిచ్చినా 0 వస్తుంది. ఎర్రర్ రాదు. అంటే గుమస్తా బస్తాలు కొట్టడం మర్చిపోతే, రైతు 0 బస్తాలు తెచ్చినట్టు రాసుకుంటుంది. ఒక్కో బస్తా 80 కిలోల లెక్కన చూసుకో, ఎంత నష్టమో. పైథాన్ ఇంట్ ఖాళీ స్ట్రింగ్‌కి ఎర్రర్ ఇస్తుంది, అది మేలు. కాబట్టి విలువని స్ట్రింగ్‌గానే సర్వర్‌కి పంపు, ఖాళీనా అని అక్కడ ముందు చూడు, ఆ తర్వాతే అంకెగా మార్చు. ఈ వరస తప్పకూడదు.

బాకీ గడికి దీనికి ఎదురు సమస్య. అక్కడ 0 నిజమైన సమాధానం. అంకెగా మార్చాక "ఇఫ్ నాట్ బాకీ" అని రాస్తే, బాకీ లేని రైతుని కూడా "బాకీ రాయలేదు" అని ఆపేస్తుంది, ఎందుకంటే పైథాన్ దృష్టిలో 0 కూడా ఫాల్సే. పీహెచ్‌పీలో ఇంకా ఇబ్బంది, అక్కడ ఎంప్టీ అనే ఫంక్షన్ "0" అనే స్ట్రింగ్‌ని కూడా ఖాళీ అంటుంది, ఒక్క స్పేస్ ఉన్న స్ట్రింగ్‌ని మాత్రం ఖాళీ కాదంటుంది. మనకి కావలసినదానికి రెండూ తలకిందులే.

ఇది నేను ఒక ధాన్యం మిల్లులో చూశాను. ప్రోగ్రాం వేరేవాళ్లు రాశారు, సాయం కోసం నన్ను పిలిచారు. బాకీ గడిలో 0 కొడితే చీటీ ముందుకి కదలట్లేదు. బయట బళ్లు ఆగిపోతున్నాయి, కౌంటర్లో కుర్రాడు ఏం చేస్తాడు? 1 కొట్టడం మొదలుపెట్టాడు. నేను వెళ్లేసరికి వందల మంది రైతుల ఖాతాల్లో ఒక్కో రూపాయి బాకీ ఉంది. రూపాయే కదా అనుకోకు. బాకీ తీర్చేశానని, తాను ఎవరికీ రూపాయి బాకీ లేనని చెప్పుకునే రైతుకి చీటీ మీద బాకీ అని పడితే ఎలా ఉంటుంది? తప్పు ఆ కుర్రాడిది కాదు. 0కి, ఖాళీకి తేడా తెలియని ఒక్క లైనుది.

కాబట్టి ప్రతి గడికి విడిగా కూర్చుని రాసుకో. పేరు తప్పనిసరి, అక్షరం ఉండాలి. బస్తాలు తప్పనిసరి, 0 కుదరదు. బాకీ తప్పనిసరి, 0 కుదురుతుంది. ఊరు? బాబాయిని అడుగు. ఆయనకి నిజంగా అవసరం లేకపోతే ఖాళీగా వదలనివ్వు. అవసరం లేనిదాన్ని తప్పనిసరి చేస్తే గుమస్తా ఏదో ఒకటి కొడతాడు. ఖాళీ గడి కన్నా ఆ ఏదో ఒకటి ప్రమాదం, దాన్ని తర్వాత ఏ చెక్కూ పట్టుకోలేదు.

డేటాబేసు సంగతి. నీది మైఎస్‌క్యూఎల్ అన్నావు. "నాట్ నల్" పెట్టినంత మాత్రాన ఖాళీ స్ట్రింగ్ ఆగదు, ఆ రెండూ వేరు. ట్రిమ్ చేసిన పేరు ఖాళీ కాకూడదని చెక్ షరతు ఒకటి టేబుల్ మీదే పెట్టు. కానీ నీ వెర్షన్ చూసుకో, 8.0.16 కంటే పాతదైతే ఆ షరతుని చదివి పక్కన పెట్టేస్తుంది, అమలు చేయదు. ఎస్‌క్యూఎల్ ట్రిమ్ మామూలు స్పేసుని మాత్రమే తీస్తుంది, ట్యాబుని తీయదు, కాబట్టి ఇది రెండో కాపలాయే, మొదటిది కాదు. ఇంకొకటి, పాత కొలేషన్లలో (కొలేషన్ అంటే డేటాబేసు అక్షరాల్ని పోల్చే పద్ధతి) స్పేసులే ఉన్న స్ట్రింగూ, ఖాళీ స్ట్రింగూ పోలికలో సమానం. 8.0లో మొదటి నుంచి వచ్చే కొలేషన్‌లో సమానం కావు. నీ కంప్యూటర్లో దొరికిన ఖాళీ పేర్లు సర్వర్లో దొరకకపోతే కారణం అదే కావచ్చు.

వేరే భాషల వాళ్ల కోసం రెండు ముక్కలు. జావాలో 11వ వెర్షన్ నుంచి ఈజ్‌బ్లాంక్ ఉంది, అయితే అది 160ని స్పేసుగా చూడదు. సీ షార్ప్‌లో ఈజ్ నల్ ఆర్ వైట్‌స్పేస్ 2010 నుంచి ఉంది, 160ని పట్టుకుంటుంది. గోలో ట్రిమ్‌స్పేస్ చేసి ఖాళీ కోట్స్‌తో పోల్చు. పీహెచ్‌పీ ట్రిమ్ 160ని తీయదు.

ఈ చెక్‌ని పది చోట్ల పది రకాలుగా రాయకుండా "పేరు ఉందా" అని ఒక ఫంక్షన్ చెయ్యి. ఇలా పరీక్షించు: నన్, ఖాళీ, ఒక స్పేస్, ట్యాబ్, కొత్త లైను, 160 ఒక్కటే, 8204 ఒక్కటే, స్పేస్ పక్కన 8204, చుక్క, 0. ఇవన్నీ ఆగిపోవాలి. అ అనే ఒక్క అక్షరం, ముందూ వెనకా స్పేసులున్న రాజ్‌కుమార్, ఒడియాలో ఒక పేరు లోపలికి వెళ్లాలి. రాజ్‌కుమార్ డేటాబేసులోకి వెళ్లి బయటికొచ్చాక 8204 ఇంకా మధ్యలో ఉందో లేదో కూడా ఆర్డ్‌తో చూసుకో.

ఇక ఇప్పటికే పడిపోయిన పేరు లేని చీటీలు. వాటిని చెరిపేయొద్దు, అంచనాతో పేరు రాయొద్దు. కొత్త ఫంక్షన్‌ని పాత చీటీలన్నిటి మీదా ఒకసారి నడిపి, దొరికినవాటి నంబరు, తేదీ, టైము, బస్తాలు ఒక కాగితం మీద ప్రింట్ తీసుకో. ఆ చీటీకి ముందు, వెనక ఉన్న చీటీల పేర్లు కూడా పక్కనే వేయించు, ఒకే ఆటోలో వచ్చిన రైతులు సాధారణంగా వరసగా తూకం వేయించుకుంటారు కాబట్టి గుమస్తాకి గుర్తొచ్చే అవకాశం ఉంది. ఆ కాగితం బాబాయికి ఇచ్చి, కాటా దగ్గర పుస్తకంతో సరిచూడమను. డబ్బు అందని రైతు ఎవరైనా ఉంటే సీజన్ అయిపోకముందే తెలియాలి. అందుకని కోడ్ మార్చడం రేపు చేసినా, ఆ కాగితం మాత్రం ఈ రోజే తీసి ఇవ్వు.